ఏడో సిలిండరు

జర్మన్‌లో ఆ కారు పేరుకి ‘ఆలకించు’ అని అర్థం.
అది పెట్టినవాడి ఇంటిపేరేనట గాని
మా నాన్న దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాడు.

త్స్విక్కావ్, ముప్ఫై ఏడో సంవత్సరం.
బొగ్గుగనుల మసి ఆరేసిన దుప్పట్ల మీద కూడా వాలే ఊరు.
నాకు తొమ్మిదేళ్ళు.
మధ్యాహ్నం రేకు డబ్బాలో బంగాళాదుంపల పులుసు పట్టుకుని
షెడ్డు తలుపు దగ్గర నిలబడేవాణ్ణి.

ముందు ఎముకలు:
చేపముల్లులా అడ్డకమ్మీలు దిగిన ఉక్కు చట్రం.
దాని మీద ఆష్ కర్ర పంజరం,
కర్ర మీద రేకు,
రేకు అతుకుల్లో కరిగించి పోసిన సీసం.
మడ్‌గార్డు వంపుని ఫ్రౌ త్సోపె
కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరేది.
కంటికి దొరకని సొట్ట చేతికి దొరుకుతుందట.
పూత, నీళ్ళతో రుద్దుడు, మళ్ళీ పూత.
పద్నాలుగో పూతకి ఆ నలుపులో
పైకప్పు కిటికీలు ఈదడం మొదలుపెట్టేవి.

బానెట్టు మాత్రం సగం కారు.
“ఇంత ముక్కెందుకు?” అన్నాను.
“ఎనిమిదిమంది వరసగా కూర్చోవద్దూ?” అన్నాడు నాన్న.
కూర్చున్న వరసలో పేలరు వాళ్ళు:
ఒకటి, ఆరు, రెండు, అయిదు,
ఎనిమిది, మూడు, ఏడు, నాలుగు.
ఎక్కాల కంటే ముందు నాకు వచ్చిన లెక్క అదే.
ఒకడి అదురుని ఇంకొకడు మింగెయ్యాలి.
మింగలేనిది రెండున్నర టన్నుల బరువు మింగుతుంది.

మా నాన్న గోట్‌హెల్ఫ్ ఊలిగ్. పని, వినడం.
మూరెడు పియర్ చెట్టు కర్ర,
ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస పళ్ళ మధ్య.
వాల్వుకీ దాన్ని తొక్కే మీటకీ నడుమ వెంట్రుకవాసి సందు;
ఎక్కువైతే టిక్కుమంటుంది, తక్కువైతే కాలిపోతుంది.
ఆ సందుని దవడ ఎముకతో కొలిచేవాడు.
ఆఖర్న ఒక ఫెనిగ్ నాణాన్ని
సిలిండర్ల మూత మీద అంచున నిలబెట్టేవాడు.
ఇంజను తిరుగుతుండగా నాణెం నిలిచిందా, సంతకం.

మా పై వాటాలో జాలో పెర్ల్‌స్టైన్,
పియానోలకి శ్రుతి కట్టేవాడు.
సాయంత్రాలు ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవాళ్ళు.
పరీక్షకి తీసిన కారు మలుపు తిరుగుతుంటే
ఇది ఏ స్వరమో చెప్పమని పందెం.
ప్రతిసారీ అతనే గెలిచేవాడు, ఒక సిగరెట్టు.
“బాగానే పాడుతుంది గాని ఊలిగ్,
మరీ మెత్తగా వస్తుంది మీ కారు,” అన్నాడోసారి.
“పిల్లి నయం.”

మరుసటేడు నవంబరు.
తెల్లవారుజామున వీధిలోకి కారొచ్చిందని ఎవరికీ తెలీలేదు.
బూట్లు మెట్లెక్కాక గాని ఇల్లు లేవలేదు.
పైన ఒక తలుపు. ఒక పేరు, గట్టిగా.
శ్రుతి తిప్పే మీట ఒకటి దొర్లుకుంటూ దొర్లుకుంటూ
మా గడప దాకా వచ్చి ఆగింది.

ఎవరికీ అన్నాను గదా.
నేను నాన్న పక్కనే పడుకున్నాను.
బూట్ల కంటే చాలా ముందే ఆయన కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.
పెదాలు కదులుతున్నాయి: ఒకటి, ఆరు, రెండు, అయిదు…
నాలుగు దాకా వెళ్ళి
దిండు చెవి మీదికి లాక్కున్నాడు.

పొద్దున రొట్టె కోస్తూ అమ్మతో అన్నది ఒక్కటే:
“ఏడోది కొంచెం వదులైంది.”

పెడచెవిని పెట్టడం అంటారు.
ఆయనకి పెడచెవి ఎక్కడిది,
రెండూ మంచివే.

గోడ కూలిన మరుసటేడు హాంబుర్గ్ నుంచి ఒకాయన
అలాంటి కారునే లారీలో వేసుకొచ్చాడు.
కోళ్ళపాకలో దొరికిందట, సీట్ల నిండా ఈకలు.
“కొత్తప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో
అంతే కావాలి, ఖర్చు చూడకండి.”

నాలుగు నెలలు పట్టింది.
పియర్ కర్ర నా దగ్గరే ఉంది.
కొస మీద నాన్న పళ్ళ గాట్లు;
నా పళ్ళు వాటిలో సరిగ్గా కూర్చున్నాయి.
నాణెం నిలబడింది.
ఇంజను ఆపి, మూత తీసి,
ఏడోదాన్ని వెంట్రుకవాసి వదులు చేశాను.

“ఎక్కడో టిక్కుమంటోంది,” అన్నాడాయన అద్దం దించి.
“అవునండీ,” అన్నాను.
మలుపు తిరిగాక కూడా
చాలాసేపు వినపడింది.